డీమ్యాట్ తాళం ఎవరి దగ్గరుంది?

షేర్లలో పొదుపు మొదలుపెట్టాలనుకునే వాళ్ల నోట ముందుగా వచ్చే ప్రశ్న ‘ఏ యాప్ మంచిది?’ అచ్చంపేటలో డిగ్రీ చదివే కుర్రాడైనా, హైదరాబాద్‌లో కొత్తగా కొలువులో చేరిన పిల్లయినా అడిగేది అదే. చార్జీ ఎంత, ఖాతా ఎన్ని నిమిషాల్లో తెరుచుకుంటుంది అన్న దగ్గరే పోలిక ఆగిపోతోంది. కొన్న షేరు ఎక్కడ ఉంటుంది, దాన్ని కదిపే అధికారం ఎవరికి రాసిచ్చాం అని అడిగేవాళ్లు తక్కువ. తెలంగాణలో మాత్రం ముందు అడగాల్సింది ఈ ప్రశ్నే. దేశాన్ని కుదిపిన బ్రోకర్ మోసం హైదరాబాద్ కేంద్రంగానే జరిగింది మరి.

కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఊరూపేరూ లేని కంపెనీ కాదు. పేరు చూసి నమ్మేంత పెద్దది. ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని అడ్డం పెట్టుకుని వాళ్ల షేర్లను తన ఖాతాలోకి మళ్లించింది. వాటిని బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల దగ్గర తాకట్టు పెట్టి అప్పులు తెచ్చింది. కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని 2019 నవంబర్ 22న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించే నాటికి 95 వేల మందికి పైగా ఖాతాదారులకు చెందిన రూ.2,300 కోట్ల పైచిలుకు విలువైన షేర్లు తాకట్టులో ఉన్నాయి. డిసెంబర్ మొదట్లో 82 వేల మందికి పైగా షేర్లు తిరిగి వాళ్ల ఖాతాల్లో పడ్డాయి. మిగిలినవాళ్లకు ఎదురుచూపులే మిగిలాయి. 2020 నవంబర్‌లో స్టాక్ ఎక్స్ఛేంజీ ఎన్ఎస్ఈ ఆ సంస్థను డిఫాల్టర్‌గా ప్రకటించింది. మరుసటి ఏడాది ఆగస్టులో చైర్మన్ పార్థసారథిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. ఈ మొత్తం వ్యవహారంలో ఖాతాదారులు ఎంచుకున్న షేర్లు చెడ్డవి కావు, మార్కెట్ కూలిందీ లేదు. ఎప్పుడో చదవకుండా పెట్టిన సంతకం వాళ్లను ముంచింది.

ఆ దెబ్బతో నిబంధనలు మారాయి. 2020 సెప్టెంబర్ నుంచి తాకట్టు పెట్టినా షేర్లు ఖాతాదారు సొంత ఎలక్ట్రానిక్ ఖాతా అయిన డీమ్యాట్‌లోనే ఉంటాయి, ఓటీపీ లేనిదే తాకట్టు కుదరదు. 2022లో పాత పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అనే పరిమిత అధికార పత్రం వచ్చింది. ఇది ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. ఇవ్వకపోతే అమ్మిన ప్రతిసారీ షేర్ల ఖాతాలను భద్రపరిచే డిపాజిటరీ ఇచ్చే పిన్ను, ఓటీపీ కొట్టాలి, అంతే. కొత్తవాళ్లు ఆ కాస్త శ్రమ పడటమే మేలని నా అభిప్రాయం. యాప్ చూపించే అంకె మీద కూడా ఆధారపడొద్దు. మార్కెట్ యార్డులో పల్లికాయ అమ్మిన రైతు కమీషన్ ఏజెంట్ నోటిమాటతో ఊరుకోడు; తూకం, ధర, కోతలు రాసిన తక్‌పట్టీ చేతికి తీసుకుంటాడు. షేర్లకు అలాంటి కాగితం డిపాజిటరీ నుంచి వస్తుంది. డిపాజిటరీలైన సీడీఎస్ఎల్, ఎన్ఎస్‌డీఎల్ వెబ్‌సైట్లలో బ్రోకర్‌తో పని లేకుండా సొంతంగా లాగిన్ పెట్టుకోవచ్చు. ఖాతాలో లావాదేవీ జరిగిన నెల మెయిల్‌కు వచ్చే స్టేట్‌మెంట్‌ను యాప్‌తో సరిచూసుకోవాలి. ఖాతా తెరిచేటప్పుడు మొబైల్ నంబరు, మెయిల్ మీ సొంతవే ఇవ్వాలి. ఏజెంటు నంబరు ఇస్తే ఈ కాపలా అంతా వృథా.

మ్యూచువల్ ఫండ్లకైతే డీమ్యాటే అక్కర్లేదు. ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లోనో, ఎంఎఫ్ సెంట్రల్ పోర్టల్‌లోనో నేరుగా కొనుక్కోవచ్చు. యూనిట్లు మీ పేరున ఫోలియోలో ఉంటాయి, బ్రోకర్ చేతికి వెళ్లవు. పైగా 2013 జనవరి నుంచి ప్రతి పథకానికీ కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఉంది. బ్యాంకు కౌంటర్లో అంటగట్టేది సాధారణంగా రెగ్యులర్ ప్లాన్. తేడా ఏటా ఒక శాతమే కదా అనిపిస్తుంది. నెలకు రూ.2,000 చొప్పున 20 ఏళ్లు కడితే మీరు పెట్టేది రూ.4.80 లక్షలు. ఏటా 12 శాతం పెరిగిందనుకుంటే దాదాపు రూ.20 లక్షలవుతుంది, 11 శాతమైతే రూ.17.5 లక్షలు. అంటే కట్టిన సొమ్ములో సగానికి పైగా ఆ ఒక్క శాతమే తినేస్తుంది. ఈ రాబడికి ఎవరి హామీ లేదు, ఖర్చు కోత మాత్రం ఏటా ఖాయంగా పడుతుంది.

అందుకే, ఖర్చు తక్కువ కాబట్టి, మొదటి ఫండ్‌గా నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్ ఒక్కటి చాలు. పది రూపాయలకే యూనిట్ అంటూ వచ్చే కొత్త ఫండ్ చవకేమీ కాదు. యూనిట్ ధర పదైనా, ఐదొందలైనా పెరిగేది శాతాల్లోనే. నాలుగు లార్జ్ క్యాప్ ఫండ్లు కొని డబ్బును నాలుగు చోట్ల పెట్టామనుకోవడమూ పొరపాటే. వాటి జాబితాలు తిరగేస్తే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, రిలయన్స్, ఐసీఐసీఐ బ్యాంకు వంటి పేర్లే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

నల్లమల అంచున ఉన్న అచ్చంపేట వంటి ఊళ్ల లెక్క ఇంకొకటుంది. నెలనెలా వాయిదాగా కట్టే సిప్ అన్నది నెల జీతగాళ్ల కొలతకు కుట్టిన పద్ధతి. పత్తి డబ్బు ఒకసారి, యాసంగి పల్లికాయ డబ్బు ఒకసారి వచ్చే ఇంట్లో జూలైలో ఖాతా ఖాళీగా ఉంటుంది. వాయిదా తిరిగొస్తే బ్యాంకు జరిమానా వేస్తుంది. అలాంటివాళ్లు పంట డబ్బులో పక్కన పెట్టగలిగినంత లిక్విడ్ ఫండ్‌లో వేసి, అక్కడి నుంచి నెలనెలా ఇండెక్స్ ఫండ్‌కు మళ్లేలా ఏర్పాటు చేసుకోవచ్చు. అయితే నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఇంట్లో ఉంటే ఇవేవీ వద్దు. అది ఏడాదికి 24 శాతం. అప్పు తీర్చడాన్ని మించి రాబడి ఇస్తుందని నమ్మదగిన ఫండ్ లేదు.

కుర్రాళ్ల ఫోన్లలో ఇప్పుడు తిరుగుతున్నది మాత్రం ఆప్షన్స్ ట్రేడింగ్. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగంలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లు దాటిందని సెబీయే 2024లో లెక్క తేల్చింది. ఉచితమని పిలిచే యాప్ ఆప్షన్స్ బటన్‌ను ఎంత ముందుకు తెచ్చి పెట్టిందో చూసి యాప్‌ను ఎంచుకోవాలి. ఇక వాట్సాప్ గ్రూపుల్లో లింకు పంపి, ఎవరో వ్యక్తి ఖాతాకు డబ్బు కొట్టమనేవాళ్లు బ్రోకర్లే కారు. రిజిస్టరైన సంస్థలకు 2025 అక్టోబర్ నుంచి ‘వ్యాలిడ్’ అన్న మాటతో ప్రత్యేక యూపీఐ ఐడీలు వచ్చాయి. సెబీ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబరు వెతకడానికి రెండు నిమిషాలు పట్టదు.

జాగ్రత్త భారమంతా ఖాతాదారు మీదే మోపడం న్యాయం కాదు. డీడీపీఐ దగ్గర టిక్కు పెట్టించే ముందు ‘ఇది ఐచ్ఛికం’ అన్న మాట తెలుగులో, పెద్ద అక్షరాల్లో కనిపించాలని సెబీ నిబంధన తేవాలి. పథకం అమ్మితే ఏటా ఎంత కమీషన్ వస్తుందో రూపాయల్లో రాసి, అడగకముందే బ్యాంకు శాఖ కొనేవాడి చేతికివ్వాలి. పొదుపు అవగాహన సదస్సులను పంట డబ్బు చేతికొచ్చే నెలల్లో, అచ్చంపేట లాంటి మార్కెట్ యార్డుల్లోనే పెట్టాలి.