బురద మన బండిది, పడేది మన కూలీల మీద

వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే బాన్సువాడ చుట్టూ తెల్లారకముందే రోడ్లు నిండిపోతాయి. బీర్కూరు, నస్రుల్లాబాద్, వర్ని దారుల్లో నాటు కూలీలు టిఫిన్ డబ్బాలు పట్టుకుని నడుస్తుంటారు. వాళ్లను రాసుకుంటూ నారు కట్టలు, ఎరువు బస్తాలు వేసుకుని మన పికప్ బండ్లు పోతుంటాయి. ఒక్క గుంత వస్తే చాలు, వాళ్ల మొహాల దాకా బురద. పొద్దంతా వంగి నాటేయాల్సిన అక్కచెల్లెళ్లు ఆ చీరతోనే మడిలోకి దిగుతారు. ఆ బండి చాలాసార్లు మన సంఘం సభ్యుడిదే. చక్రం వెనక రబ్బరు ఉండదు, ఉన్నా సగం చిరిగి వేలాడుతుంటుంది.

ఈ మాట ఎత్తగానే మనవాళ్ల జవాబు ఒకటే: రోడ్డు బాగుంటే బురదెక్కడిది?

నిజమే. దాని మీద కొట్లాట ఆపేది లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ ఉంది. రోడ్డు ప్రమాణాలు పాటించనందువల్ల మనిషి చనిపోయినా, వికలాంగుడైనా బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. బండికి ఫొటో తీసి చలాన్ పంపేవాళ్లు ఈ సెక్షన్ ఊసెత్తగా మేం వినలేదు. మంజీర ఇసుక టిప్పర్లు పట్టా కప్పకుండా, నీళ్లు కార్చుకుంటూ పోతే రోడ్డు ఏమవుతుందో అందరికీ తెలుసు. కేజ్‌వీల్స్ విప్పకుండా తారు రోడ్డెక్కే మన ట్రాక్టర్లు ఏం చేస్తున్నాయో కూడా తెలుసు, ఒప్పుకోం అంతే.

రోడ్డుకు టెండరు కావాలి, నిధులు కావాలి. రబ్బరుకు జీవో అక్కర్లేదు కదా!

ఇక ఏ రబ్బరు? కొత్త బండితో పాటు యాక్సెసరీస్ అని అంటగట్టే సన్న ప్లాస్టిక్ ముక్కలు మాత్రం వద్దు. వాటి డబ్బు ఫైనాన్సులో కలిస్తే, ఒక సీజన్ నిలవని ముక్కకు మనం ఏళ్ల తరబడి వడ్డీ కడతాం. సింహం బొమ్మ, నాయకుడి పేరు ఉన్నంత మాత్రాన బురద ఆగదు. మందంగా ఉండి, చేత్తో వంచితే వంగే రబ్బరు తీసుకోండి. టైరు కన్నా కాస్త వెడల్పు ఉండాలి. పాత ట్యూబు కోసి కడితే బండి స్పీడందుకోగానే గాలికి లేచిపోతుంది. పాత కన్వేయర్ బెల్టు ముక్క దొరికితే దానికి మించింది లేదు.

ఎత్తు కొలవాల్సింది లోడు ఎక్కాకే. ఖాళీ బండికి కొలిచి బిగిస్తే, బస్తాలు పడి కమాన్లు కుంగగానే రబ్బరు నేలను రాస్తుంది. కాల్వ గట్టు మీద రివర్స్ తీసేటప్పుడు టైరు కింద ఇరుక్కుని క్లాంపుతో సహా ఊడొస్తుంది. లోడు మీద నేలకు ఆరేడు అంగుళాలు వదలండి. టైరుకూ రబ్బరుకూ మధ్య కనీసం నాలుగు వేళ్ల సందు ఉండాలి. బిచ్కుంద, మద్నూర్ నల్లరేగడిలో తిరిగే బండికి ఇంకాస్త ఎక్కువే, ఆ మట్టి ఇరుక్కుని ఎండితే టైరునే రాస్తుంది. రెండు బోల్టులు బిగించి వదిలేయకండి. రబ్బరు వెడల్పంతా ఇనుప పట్టీ వేసి బిగిస్తే చిరగదు.

ముందు చక్రాలను చాలామంది వదిలేస్తారు. బండిని కాపాడేది ఆ రబ్బర్లే. అవి లేకపోతే కంకర నేరుగా ఛాసిస్‌కు, బ్రేకు పైపులకు తగులుతుంది. యూరియా, డీఏపీ రాలిన చోట తడి మట్టి పేరుకుంటే తుప్పు త్వరగా పడుతుంది. వెనక రబ్బర్లు ఇతరుల కోసం. వెనక బైకు మీద వచ్చేవాడి కంట్లో మన టైరు విసిరిన రాయి పడితే ఆ కంటికి ఎవరు జవాబు చెప్తారు?

కూలీ రేటు దగ్గర రైతుకూ కూలీకీ పేచీ పెట్టాలని చూసేవాళ్లు ఎటూ ఉన్నారు. వాళ్లకు మన టైర్లతో సాయం చేయడం దేనికి?

చందా వసూలుకు మేం ఊళ్లలోకి వస్తాం. ఈసారి రసీదు బుక్కు తీసేముందు బండి వెనక్కి వెళ్లి నాలుగు చక్రాలూ చూస్తాం. సభ్యులెవరూ కోపం చేసుకోవద్దు.