రేకు పెట్టెలోని ఉత్తరాలు



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక పెద్దమ్మ రేకు పెట్టెతో మా ఇంటికి వచ్చారు. అందులో నైజాము కాలములో ఉపదేశిగా పనిచేసిన ఆమె మామగారి ఉత్తరాలున్నవి. "అయ్యగారూ, పట్నము నుండి వచ్చినాయన ఈ చిత్తు కాగితాలన్నిటికీ ఐదు వందలిస్తానంటున్నాడు. ఇచ్చేయమంటారా?" అని అడిగారు. చిన్ననాటి నుండి తపాలా బిళ్ళలు కూర్చే అలవాటు మాకున్నది గనుక, "తొందరపడవద్దమ్మా, చూద్దాము" అన్నాము.

మీ ఇళ్ళలోనూ ఇట్టి పెట్టెలుండవచ్చును. బిళ్ళ పాతదైనంత మాత్రాన విలువైనది కాదు. లెక్కకు మించి అచ్చయినవి నూరేండ్లు దాటినా కొద్ది రూపాయలే పలుకును. మన దేశమంతటికి మొదటి బిళ్ళలు 1854లో కలకత్తాలో అచ్చయినవి. వాటి అంచులకు చిల్లులుండవు. ఆ నాలుగణాల బిళ్ళను రెండు రంగులలో, రెండుసార్లు అచ్చువేశారు. అందులో కొన్నిటిపై రాణి తల తలక్రిందులుగా పడినది. అవి అత్యంత అరుదు.

బిళ్ళ వెనుక వైపును వెలుతురులో చూడవలెను. ఐదవ జార్జి రాజు బొమ్మతో ఒకే తీరుగా కనబడు రెండు బిళ్ళలలో, ఒకదాని కాగితములో ఒకే నక్షత్రపు నీటిగుర్తు, 1926 తరువాతి దానిలో అనేక నక్షత్రాలు కనబడును. పైకి ఒకటే, లోపల వేరు! చిరుగులు, మడతలు ధరను తగ్గించును. 1948 నాటి గాంధీగారి పది రూపాయల బిళ్ళపై 'సర్వీస్' ముద్ర ఉన్నవి బహు అరుదు. అందుచేత దొంగముద్రలు కొట్టేవారూ ఉన్నారు.

ముఖ్యముగా, కవరు మీది బిళ్ళను నీళ్ళలో నానబెట్టి ఊడదీయవద్దు. తపాలా ముద్ర స్పష్టముగా ఉన్న కవరుకు బిళ్ళకన్న ఎక్కువ విలువ ఉండవచ్చును. బాల్యములో మేము తాతగారి కవర్లను అలాగే పాడుచేసి, నేటికీ చింతించుచున్నాము.

పెద్దమ్మగారి పెట్టెలో చాలా భాగము సాధారణమైనవే. అయితే నైజాము బిళ్ళలతో, పల్లెటూరి ముద్రలతో మూడు చక్కని కవర్లు కనబడినవి. వెయ్యి రూపాయలిచ్చి మేమే తీసుకొందుమా అను తలంపు వచ్చినది. ఆమె సంతోషముగా ఇచ్చేవారే! కాని కొనువాడు వస్తువును తక్కువచేసి మాట్లాడి, ఇంటికి పోయి గొప్పలు చెప్పుకొను సంగతి సామెతలు 20:14లో ఉన్నదే! ఎదుటివారి తెలియనితనమును కొనుట తప్పుడు తూకము కాదా? సిగ్గుపడితిమి. ఆ మూటిని విడిగా పెట్టి, "ఇవి విలువైనవమ్మా. ఇద్దరు ముగ్గురు వ్యాపారులను వేర్వేరుగా ధర అడిగించండి. కేటలాగులో ధర వేరు, చేతికి వచ్చే ధర వేరు" అని చెప్పితిమి.

ఆమె ఆ కవర్లలోని ఉత్తరాలు చదివి వినిపించమన్నారు. ఒకదానిలో మామగారు తన కుమారుని బాప్తిస్మమును గూర్చి వ్రాశారు. ఆ కుమారుడే ఈమె భర్త, ఇప్పుడు ప్రభువునందు నిద్రించుచున్నాడు. ఆమె కన్నీళ్ళు తుడుచుకొని, ఆ కవరును తిరిగి పెట్టెలో పెట్టుకొన్నారు.

"ఇది అమ్మనయ్యగారూ" అన్నారు.

ప్రియులారా, ఇంటిలోని పాత కాగితాలను అమ్మకముందు ఒకసారి చదవండి. ప్రభువు మీ గృహములను దీవించును గాక!