పాత కారుకు ఫైలు ఉంది... బాగుచేసిన చేతికి ఏదీ?

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా క్యాంపు వెనక సందులో ఒక గ్యారేజీ ఉంది. రెండేళ్ల కిందట అక్కడికి ట్రైలర్ మీద ఓ బండి దిగింది. బండి అనడం కన్నా తుప్పు కుప్ప అనడం నయం. కింద ఫ్లోరు లేదు. సీట్లలో ఎలుకల గూళ్లు. బంపర్ ఒక బోల్టు మీద వేలాడుతోంది. 1957 మోడల్ షెవర్లే బెల్ ఎయిర్ అని చెబితే గానీ మాకు తెలియలేదు. మా క్యాంపులో ఉండే జగిత్యాల అన్న ఒకాయన, ఇంకో ముగ్గురితో కలిసి పద్నాలుగు నెలలు దాని మీద పనిచేశాడు. అది తయారై బయటికొచ్చిన రోజు టీ కొట్టు ముందు కూర్చున్న వాళ్లంతా లేచి రోడ్డు మీదికి వచ్చారు.

బండితో పాటు ఓనరు చేతికి లావుపాటి ఫైలు ఒకటి ఇచ్చారు. ఏ రోజు ఏ రేకు కోశారు, ఏ పార్టు ఎక్కడి నుంచి తెప్పించారు, రంగు నంబరు ఎంత, అన్నీ ఫొటోలతో సహా ఉన్నాయి. రేపు బండి అమ్మితే ఆ ఫైలే సగం ధర పలుకుతుందట. అందులో అన్న చేతులు చాలా ఫొటోల్లో ఉన్నాయి. పేరు మాత్రం ఎక్కడా లేదు. అన్న లేబర్ కార్డు మీద ఏముందని అడిగాం. "హెల్పర్" అన్నాడు.

మేము సైట్ సూపర్‌వైజర్లం. సైటుకు వచ్చే ప్రతి ఇనుప కడ్డీకి మిల్లు సర్టిఫికెట్ అడుగుతాం. కాంక్రీటు పోస్తే క్యూబు తీసి పరీక్షకు పంపుతాం. రిజిస్టర్లో సంతకం లేకుండా ఏ పనీ కదలదు. కానీ ఆ కడ్డీ వంచిన మనిషికి ఏ కాగితం ఇచ్చామని మమ్మల్ని మేము ఎప్పుడూ అడుక్కోలేదు. ఈ పాత కారు ఆ ప్రశ్న మా ముందు పెట్టింది.

అమెరికా బండి ఇక్కడికెలా వచ్చింది?

గల్ఫ్‌కి అమెరికా కార్లు ఆయిల్‌తో పాటే వచ్చాయి. 1933లో సౌదీ రాజు అమెరికా కంపెనీకి చమురు తవ్వకాల హక్కులిచ్చాడు. 1938లో దమ్మామ్ ఏడో నంబరు బావిలో ఆయిల్ పడింది. అమెరికా ఇంజనీర్లు వచ్చారు, వాళ్ల వెనకే వాళ్ల బండ్లూ వచ్చాయి. వెడల్పు బాడీ, పెద్ద ఇంజను, ఇసుకలో లాగే సత్తా ఉండటంతో ఇక్కడి పెద్ద కుటుంబాలు కూడా వాటి మీద మనసు పడ్డాయి. తాతల నాటి ఆ మోజే ఇప్పుడు మనవళ్లకు హాబీ అయింది. షార్జాలో 2008లో పాత కార్ల మ్యూజియమే తెరిచారు. గ్యారేజీలకు ఈ పని దొరకడానికి అదీ మూలం.

పైకి రంగు, లోపల లెక్క

పాత బండి బాగుచేయడం అంటే కొత్త రంగు కొట్టడం అనుకునేవాళ్లం. అన్న పని చూశాకే తెలిసింది. మొదటి పని చదవడం. డ్రైవర్ వైపు తలుపు స్తంభం మీద బండి నంబరు రేకు ఉంటుంది. ఇంజను వెనక గోడ మీద ఇంకో రేకు ఉంటుంది. బాడీ ఏ రకం, ఫ్యాక్టరీలో ఏ రంగు వేశారు, లోపల ఏ గుడ్డ వాడారు అన్నది అందులో కోడ్ రూపంలో ఉంటుంది. ఇంజను దిమ్మ మీద పోత పోసిన తేదీ ఉంటుంది. ఆ తేదీ బండి తయారైన తేదీ కన్నా తర్వాతది అయితే ఇంజను మార్చేశారని అర్థం. ధర అక్కడే పడిపోతుంది.

తర్వాత రేకు పని. తుప్పు పట్టినంత మేరా కోసి, అదే మందం రేకును సుత్తితో, చెక్కదిమ్మతో వంపు తీసి అతకాలి. వేడి ఎక్కువైతే రేకు ముడుచుకుంటుంది. అప్పట్లో ఫ్యాక్టరీలోనే బాడీ అతుకుల్లో సీసం నింపేవారు. నాసిరకం పని చేసేవాడు అక్కడ పుట్టీ పూసి వదిలేస్తాడు. నాలుగు ఎండాకాలాలు గడిస్తే పగిలి బయటపడుతుంది.

ఇంజను 283 క్యూబిక్ అంగుళాలు, అంటే సుమారు 4.6 లీటర్ల వీ8. అది సీసం కలిపిన పెట్రోలు తాగే రోజుల్లో పుట్టింది. ఆ సీసం వాల్వు కూర్చునే చోట మెత్తగా పనిచేసి అరుగుదల ఆపేది. ఇప్పటి పెట్రోలులో సీసం లేదు కాబట్టి ఆ చోట గట్టి లోహపు రింగులు వేస్తారు. బ్రేకులకు ఒక్కటే లైను. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అసలు రూపం కావాలా, ప్రాణం కావాలా అన్నది ఓనరుతో మాట్లాడి తేల్చుకోవాలి. ఈ బండికి రెండు లైన్ల బ్రేకు వేయించింది అన్నే. చదివింది ఏడో తరగతి.

అమెరికాలో డిగ్రీ, ఇక్కడ హెల్పర్

ఇదే పనికి అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ ఉంది. కాన్సాస్ రాష్ట్రంలోని మెక్‌ఫర్సన్ కాలేజీలో 1976లో ఈ చదువు మొదలైంది. అక్కడి విద్యార్థులు బాగుచేసిన 1953 మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ కారు 2023 ఆగస్టులో పెబుల్ బీచ్ పోటీలో తన తరగతిలో రెండో స్థానం తెచ్చుకుంది. ఆ పిల్లల పేర్లు పత్రికల్లో వచ్చాయి. బాగుంది, రావాల్సిందే.

ఇంకో సంగతి చూడండి. 2025 ఏప్రిల్ 3 నుంచి అమెరికా ప్రభుత్వం దిగుమతి కార్ల మీద 25 శాతం సుంకం వేసింది. మే 3 నుంచి చాలా రకాల విడిభాగాల మీదా వేసింది. కానీ కనీసం 25 ఏళ్ల కిందట తయారైన కార్లను ఆ సుంకం నుంచి తప్పించింది. పాత బండికి మర్యాద దక్కింది, దాని పార్టులకు దక్కలేదు. ఈ బండ్లకు అమెరికా షాపుల్లో అమ్మే కొత్త రేకులు, బంపర్లలో చాలావరకు తైవాన్, చైనాల్లో తయారయ్యేవే. అక్కడ ధర పెరిగితే ఇక్కడికి తెప్పించుకునేవాడికీ పెరుగుతుంది. అప్పుడు ఓనరు ఏమంటాడు? "కొనడం ఎందుకు, చేత్తో చేయించు" అంటాడు. అంటే పార్టు ధర పెరిగేకొద్దీ చేతి పనికి గిరాకీ పెరగాలి. ఆ లాభం సుత్తి పట్టినవాడి జీతంలోకి ఎందుకు రావడం లేదన్నదే అసలు ప్రశ్న.

జవాబు కాగితాల్లో ఉంది. యూఏఈ కార్మిక శాఖ ఉద్యోగాలను తొమ్మిది లెవెళ్లుగా విడగొట్టింది. ఒకటి నుంచి ఐదు దాకానే నిపుణుల కింద లెక్క. దానికి ఇంటర్ పైన చదువు సర్టిఫికెట్ ఉండాలి, కమిషన్ కాకుండా నెలకు కనీసం 4,000 దిర్హాములు జీతం ఉండాలి. చేతి వృత్తుల వాళ్లు ఏడో లెవెల్లో, మామూలు కూలి పనివాళ్లు తొమ్మిదో లెవెల్లో ఉంటారు. అంటే అన్న కార్డు మీద సరిగ్గా "డెంటర్" అని రాసినా, లెక్కలో నిపుణుడు కాడు. హెల్పర్ అని రాస్తే అట్టడుగే.

మన దేశం సంగతీ అంతే. 2021 జులైలో కేంద్రం పాత బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు నిండి, అసలు రూపంలో ఉన్న బండికి నంబరు ప్లేటు మీద వీఏ అని రాసి ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు. యాభై నిండిన బండికి గౌరవం. యాభై నిండిన మనకేమో ఈసారి వీసా రెన్యువల్ చేస్తారో లేదో అని గుబులు.

ఒంట్లోకి వెళ్లేది ఫైల్లో రాయరు

జీతం కన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. పాత బండి గీకితే వచ్చే దుమ్ములో సీసం ఉంటుంది. పాత బ్రేకు లైనింగులో, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఇప్పటి రెండు డబ్బాలు కలిపి కొట్టే పెయింటులో ఐసోసైనేట్ ఉంటుంది, అది ఆస్తమా తెస్తుంది. క్రోమ్ తాపడం పెట్టే తొట్టి పొగ క్యాన్సర్ కారకం. ఆస్బెస్టాస్ జబ్బు ఇరవై, ముప్పై ఏళ్లకు గానీ బయటపడదు. అప్పటికి మనిషి ఊళ్లో ఉంటాడు, అర్బాబ్ ఇంకో దేశంలో ఉంటాడు. ఏ పని వల్ల వచ్చిందో నిరూపించడానికి కార్డు మీద "హెల్పర్" అన్న ముక్క తప్ప ఏమీ ఉండదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే ఇవేవీ ఆగవు. ఫిల్టరున్న మాస్కు, గాలి లాగే ఫ్యాను అడగాలి. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును గాలి పైపుతో ఊదకండి, తడిపి తుడవండి.

ఏం చేయొచ్చు?

కాగితం తెస్తే రేపటికల్లా లెవెల్ మారిపోతుందని మేము చెప్పం. అయినా కొన్ని పనులు మన చేతిలో ఉన్నాయి. మన పనికి మనమే ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. ఏ బండి, ఏ ఏడాది మోడల్, ఏం చేశాం, ఎన్ని రోజులు పట్టింది, ఏ మందు వాడాం అని రాయాలి. ఫొటోలు తీస్తే ఓనరు, గ్యారేజీ అనుమతితోనే తీయండి, ఇక్కడి చట్టం కఠినం. కాంట్రాక్టు రెన్యువల్ అప్పుడు అసలు పని పేరు రాయమని అడగండి. సెలవుకు ఊరికి పోయినప్పుడు, చదువు లేకున్నా చేతికొచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి మన దేశంలో ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. తెలంగాణ వాళ్లు టామ్‌కామ్‌ను, ఆంధ్ర వాళ్లు ఓంక్యాప్‌ను అడిగి తెలుసుకోవచ్చు. ఇంకో కంపెనీకి మారేటప్పుడో, ఊళ్లో షెడ్డు పెట్టుకునేటప్పుడో అది పనికొస్తుంది.

మిగతాది ప్రభుత్వం చేయాలి. 1983 నాటి వలస చట్టం స్థానంలో కొత్త చట్టం తెస్తామని కేంద్రం 2025 అక్టోబరులో ముసాయిదా విడుదల చేసింది. తిరిగొచ్చే కార్మికుడు విదేశంలో నేర్చిన పనికి రికార్డు, చేసిన ప్రమాదకర పనికి వైద్య పరీక్ష, ఈ రెండూ చట్టంలో ఉండాలని మన సంఘాలు గట్టిగా అడగాలి. గల్ఫ్ నుంచి డబ్బు ఎంత వచ్చిందో లెక్క వేసే ప్రభుత్వానికి, పనితనం ఎంత వచ్చిందో లెక్క వేయడం కష్టం కాదు.

మేము కూడా ఒక పని మొదలుపెట్టాం. మా సైటులో కార్పెంటర్లు, స్టీల్ ఫిక్సర్లు చేసిన పనిని నెలకోసారి వాళ్ల నోటుబుక్కులో రాసి కింద సంతకం పెడుతున్నాం. జగిత్యాల అన్న కూడా ఒక నోటుబుక్కు కొన్నాడు. మొదటి పేజీలో "1957 బెల్ ఎయిర్, పద్నాలుగు నెలలు" అని రాసుకున్నాడు. కింద గ్యారేజీ సంతకం కోసం జాగా వదిలాడు. ఇది రాసే రోజుకు ఆ జాగా ఇంకా ఖాళీగానే ఉంది.