ఇంద్రకీలాద్రి ప్రదక్షిణం: పాదచారికి మార్గదర్శి ఎవరు?

పౌర్ణమినాటి ఉషఃకాలంలో ఇంద్రకీలాద్రి పాదసీమన కామధేను అమ్మవారి ఆలయం వద్ద భక్తులు సమావేశమవుతారు. అక్కడినుండి కుమ్మరిపాలెం, సితార కూడలి, కబేళా, పాల ప్రాజెక్టు, చిట్టినగర్, కొత్తపేట, బ్రాహ్మణవీధి మీదుగా, గిరిని కుడిచేతివైపు నిలుపుకొని, ఏడెనిమిది కిలోమీటర్లు నడచి తిరిగి అమ్మ సన్నిధికి చేరుకుంటారు. ముందు మంగళవాద్యాలు, ప్రచారరథం, వెనుక నామఘోష. ఆ సామూహిక ప్రదక్షిణకు ఉన్న మహిమ దానికి ఉంది. అయితే అదే మార్గాన ఏదో ఒక సామాన్యదినాన, వాద్యం లేకుండా, వ్యాఖ్యాత లేకుండా, ఒంటరిగానో ఇద్దరు ముగ్గురుగానో నడిచేవారికి ఆ కొండ మరొక విధంగా గోచరిస్తుంది. ఆ నిశ్శబ్దయాత్రను కాలక్షేపంగా, ఉదయవ్యాయామంగా మాత్రమే పరిగణించడం సరికాదు. అది శ్రవణం తరువాత రావలసిన మననానికి పాదరూపం.

దీనిపై ఒక ఆక్షేపం సహజంగానే ఉదయిస్తుంది. గురువు లేని విద్య, మార్గదర్శి లేని యాత్ర రెండూ సంప్రదాయవిరుద్ధాలు కావా? క్షేత్రమహిమ తెలిసిన పెద్దలు పక్కన లేకుండా నడిచేవానికి రాళ్లు తప్ప ఏమి కనిపిస్తాయి?

ఆక్షేపం గౌరవించదగినదే. సమాధానం ఛాందోగ్యంలో ఉంది. ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన గాంధారపురుషుని దృష్టాంతాన్ని వేదాంతవిద్యార్థులు ఎరుగుదురు. కన్నులకు గంతలు కట్టి గాంధారదేశంనుండి తెచ్చి నిర్జనస్థలంలో విడిచిపెట్టిన మనిషి అతడు. దయగల వాడొకడు ఆ కట్టు విప్పి, గాంధారం ఈ దిక్కున ఉంది, ఇలా వెళ్లు అన్నాడు. అంతే. ఆ దయాళువు అతనిని భుజాన మోసుకుపోలేదు, వెంట నడవలేదు. గ్రామంనుండి గ్రామానికి అడుగుతూ, స్వబుద్ధితో ఆలోచించుకుంటూ అతడే తన దేశం చేరుకున్నాడు. ఆచార్యుని ఆవశ్యకతను స్థాపించే సందర్భంలోనే శ్రుతి ఈ దృష్టాంతం ఇచ్చింది. కట్టు విప్పడం, దిక్కు చూపడం ఆచార్యకృత్యం, నడక శిష్యకృత్యం. ఆ ఉపనిషత్తులోనే సత్యకామ జాబాలుడు గురువు అప్పగించిన గోవులను మేపుతూ అడవిలో ఉండి, తిరిగివచ్చేటప్పుడు వృషభం, అగ్ని, హంస, మద్గువు అనే నీటిపక్షి వలన బ్రహ్మోపదేశం పొందాడు. అయినా ఆశ్రమం చేరగానే ఆచార్యుని ముఖతః వినగోరాడు. దారి బోధించినది గురుబోధకు పోటీ కాలేదు.

ఇంద్రకీలాద్రి మీద ఈ విషయానికి శిలాసాక్ష్యం కూడా ఉంది. కిరాతార్జునీయ కథాదృశ్యాలు చెక్కిన ప్రాచీన స్తంభం ఈ కొండకు సంబంధించినదే. దానిని నిలిపిన త్రికోటిబోయి తనను ఎవరితో పోల్చుకున్నాడో గమనించాలి. అతడు అర్జునునితోగాని కిరాతరూపుడైన శివునితోగాని పోల్చుకోలేదు. అర్జునునికి ఇంద్రకీలమార్గం చూపిన గుహ్యకయక్షుడే తానని శాసనంలో చెప్పుకున్నాడు. భారవి కావ్యంలోనూ యక్షుడు అర్జునుని కొండవరకు తీసుకువచ్చి సెలవు తీసుకుంటాడు. తపస్సు అర్జునుడు ఒంటరిగానే చేశాడు. దారి చూపి తొలగిపోవడాన్ని తన కీర్తిగా రాతిపై చెక్కించుకున్న మనిషి బెజవాడవాడు కావడం ఈ నగరానికి భూషణం. నేటి క్షేత్రాలలో వ్యాఖ్యాతల ధ్వనివర్ధకాలు ఇంత వినయం చూపిస్తే ఎంత బాగుండేది!

ఇక్కడొక చిక్కు ఉంది. దానిని దాటవేయడం సత్యనిష్ఠ కాదు. మహాభారత వనపర్వం ప్రకారం అర్జునుడు హిమవంతాన్ని, గంధమాదనాన్ని దాటి ఇంద్రకీలాన్ని చేరాడు. అంటే ఇతిహాసం చెప్పే ఇంద్రకీలం ఉత్తరాన ఉంది. కృష్ణాతీరంలోని కొండే ఆ ఇంద్రకీలమని, విజయుడు ఇక్కడ శివుని ప్రతిష్ఠించాడని, అందువల్లనే ఇది విజయవాటిక అయిందని స్థలపురాణం చెబుతుంది. రెండింటిలో ఒకటి అబద్ధమని తేల్చేయాలని కొందరికి తొందర. ప్రశ్ననే అపచారంగా భావించడం మరికొందరి అలవాటు. రెండూ తొందరపాటులే. స్థలపురాణం భూగోళపటం కాదు. ఉపాసనకు యోగ్యమైన భావాన్ని ఒక స్థలంలో ప్రతిష్ఠించే ప్రక్రియ అది. విగ్రహంలో దేవతను ఆవాహన చేసినట్లే ఇక్కడివారు ఈ కొండలో ఇంద్రకీలాన్ని ఆవాహన చేశారు. వెయ్యేండ్లకు పైగా ఆ ఆవాహన చెదరలేదు. ప్రాణప్రతిష్ఠ జరిగిన శిలను ఇది ఏ గనిదని అడిగి తెలుసుకోవచ్చు. తెలిసినంత మాత్రాన పూజ ఆగదు. కాబట్టి ప్రదక్షిణమార్గంలో ఫలకాలు పెట్టదలచినవారు ఇది ఇతిహాసం, ఇది స్థలపురాణం, ఇది శాసనం అని వేరుచేసి రాయాలి. భక్తులు చిన్నపిల్లలు కారు.

కామధేను ఆలయంనుండి కుమ్మరిపాలెం దిశగా సాగే తొలిభాగంలో నది ఎడమచేతివైపు ఉంటుంది, కొండ కుడివైపు. ఇక్కడ నిలిచి చూడవలసినది ఒకటుంది. ఆవలి ఒడ్డున సీతానగరం, ఉండవల్లి కొండలు, ఈవల ఇంద్రకీలం, నడుమ సన్నబడిన కృష్ణ. పర్వతం దారి ఇవ్వక నదిని నిలువరిస్తే, దేవతల ప్రార్థనపై బెజ్జం ఏర్పడి కృష్ణమ్మ సాగరాభిముఖంగా సాగిందని, ఆ బెజ్జమే బెజవాడ అయిందని జనశ్రుతి. ఇంజనీర్లు కూడా ఆ బెజ్జాన్నే ఎంచుకున్నారు. 1833 ప్రాంతంలో నందనకరువు గుంటూరుసీమను మాడ్చిన తరువాత, 1852లో ఆరంభమై 1855లో పూర్తయిన ఆనకట్ట కొండలు నదిని ఇరుకు చేసిన ఆ చోటనే లేచింది. 1952లో దానికి గండిపడగా, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు కొండపాదంనుండి బయలుదేరి నగరాన్ని చీల్చుకుంటూ డెల్టాకు పోతాయి. దివిసీమవైపు అన్నం తినే ప్రతి విస్తరికీ ఈ బెజ్జంతో సంబంధం ఉంది. అన్నాన్ని బ్రహ్మగా తెలుసుకొమ్మనే ఉపదేశం తైత్తిరీయంలో పారాయణ చేసేవారు ఒకసారి ఇక్కడ నిలబడి చేస్తే ఆ వాక్యానికి తడి తగులుతుంది.

కృష్ణమ్మవద్ద దుర్గమ్మ ముక్కుపుడకను ఎరువు తీసుకున్నదని, నీరు ఆ ముక్కుపుడకను అందుకున్ననాడు యుగాంతమని ప్రతి బెజవాడ ఇంట్లో చెబుతారు. అది కలియుగాంతసూచన మాత్రమేనని వదిలివేయడం సులభం. నడిచేవాడు మాత్రం తల పైకెత్తి శిఖరాన్ని, దించి నీటిమట్టాన్ని చూస్తాడు. వాటి నడుమ ఉన్న దూరాన్ని కళ్లతో కొలుస్తాడు. 2024 సెప్టెంబరు ఆరంభంలో బ్యారేజీవద్ద వరదప్రవాహం పదకొండు లక్షల క్యూసెక్కులు మించింది. అయినా నగరాన్ని ముంచినది ప్రధానంగా కృష్ణ కాదు, బుడమేరు. గట్లు తెగి, అజిత్‌సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉండి, పదుల ప్రాణాలు పోయాయి. కొల్లేటికి పోవలసిన ఆ ఏరు దారి ఎటో, ఎక్కడ ఇరుకైందో, దాని పాతచాలులో ఏ ఇళ్లు లేచాయో నగరజనంలో ఎందరికి తెలుసు? కృష్ణమ్మకు ముక్కుపుడక కథ ఉంది గనుక తరతరాలుగా ఆమె నీటిమట్టం మీద ఒక కన్ను ఉంది. బుడమేరుకు అటువంటి కథను ఎవరూ చెప్పలేదు. దాని వెంట ఎవరూ నడవలేదు. కథలేని నీటిని నగరం మురుగుకాలువగా భావించింది. పురాణశ్రవణం జలజ్ఞానానికి ప్రత్యామ్నాయం కాదు, నిజమే. కాని కథ ఉన్నచోట చూపు నిలుస్తుంది, చూపు నిలిచినచోట ఆక్రమణ అంత సులభం కాదు. 2020 దసరా ఉత్సవాలవేళ ఇంద్రకీలాద్రిపై కొండచరియలు విరిగిపడినప్పుడు కొండ కూడా అదే గుర్తుచేసింది: తాను కేవలం ఆలయపీఠం కాదు, రాయి, మట్టి, నీటిచెలమలు గల శరీరం.

కుమ్మరిపాలెం దాటాక మార్గం నదిని విడిచి ఇళ్లమధ్యకు మళ్లుతుంది. ఇక్కడినుండి చాలామంది భక్తుల ధ్యానం సడలుతుంది. కబేళా పేరు మోసే కూడలిని చూసి, పవిత్రమార్గంలో ఇదేమిటని ముఖం చిట్లించేవారూ ఉన్నారు. అర్జునతపస్సును చెప్పిన వనపర్వంలోనే, తపోగర్వంతో వచ్చిన కౌశికునికి ధర్మసూక్ష్మం బోధించిన ధర్మవ్యాధుడు మిథిలానగరంలో మాంసం అమ్ముకునేవాడని వారికి గుర్తు రావాలి. మంగళవాద్యాలతో వెళ్లే ఊరేగింపులో ఈ స్మరణకు అవకాశం తక్కువ.

ఇంద్రకీలానికి పరిమితం కానక్కరలేదు. కృష్ణరాయలు కళింగదండయాత్రలో విజయవాటిలో విడిసి, శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువును సేవించాడని, స్వప్నంలో స్వామి ఆజ్ఞతో ఆముక్తమాల్యద ఆరంభించాడని ఆ కావ్యమే చెబుతుంది. ఆ శ్రీకాకుళం కృష్ణాజిల్లాలోనిది. ఆ డెల్టాలోనే సిద్ధేంద్రయోగి కూచిపూడి, క్షేత్రయ్య మువ్వ ఒకదానికొకటి నడకదూరంలో ఉన్నాయి. కాకిరూపంలో పాపభారం మోసిన గంగ స్నానమాడి హంసగా తెల్లబడిందని చెప్పే హంసలదీవి సాగరసంగమం దగ్గర ఉంది. కారులో ఒక్కపూటలో వీటన్నింటినీ చుట్టి రావచ్చు, చిత్రాలు తీసుకోవచ్చు. కాలువగట్టున మువ్వనుండి కూచిపూడికి నడిచినవానికి వరిచేల గాలి, మువ్వగోపాలుడు, సత్యభామ జడ ఒకే వాక్యంలో వినిపిస్తాయి.

కొండచుట్టూ నడవదలచిన సాధకునికి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. సూర్యోదయానికి ముందే బయలుదేరాలి. ఎండ ముదిరితే చిట్టినగర్ దాటడం కష్టం. నీళ్లు వెంట ఉండాలి. చెవులలో ఏ పరికరమూ వద్దు, స్తోత్రమైనా సరే. స్థలపురాణం ముందురోజు చదివి రావాలి, దారిలో కాదు. కుమ్మరిపాలెం వద్ద నది కనుమరుగయ్యే మలుపున ఒక్క నిమిషం ఆగి వెనుదిరిగి చూడాలి. ఆ తరువాత బ్రాహ్మణవీధి చివర అమ్మ గోపురం ఎదురయ్యేవరకు కృష్ణమ్మ మళ్లీ కనిపించదు.