నిలబెడితేనే చేటు

పాతబస్తీ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ చూశారా? 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ కారు రాకముందే, 1911లో కన్నుమూశారు.

దానిది సైడ్ వాల్వ్ ఇంజను. అంటే వాల్వులు సిలిండర్ పక్కనే ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపుదీ ఇదే పద్ధతి. ఇలాంటి బండ్లు తిరిగితే అరుగుతాయి, నిజమే. కానీ ఏళ్లకేళ్లు నిలబెడితే వాల్వులు తుప్పుపట్టి గైడుల్లో బిగుసుకుపోతాయి.

మీ షెడ్డులోనూ తాతలనాటి జీపు ఉందా? తొందరపడి సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, ఓ రోజు నాననివ్వండి. తర్వాత హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. కదలకపోతే బలవంతం చెయ్యొద్దు, మెకానిక్‌ని పిలవండి.