గంటల లెక్క లేని కష్టం

కైకలూరు చెరువుగట్టున ఐసు వేసిన చేపల ట్రేలను ఎక్కించుకుని లారీ కోల్‌కతా దారి పట్టేసరికే డ్రైవరు ఎన్నో గంటల పని ముగించి ఉంటాడు. పట్టుబడి కోసం కాచుకోవడం, ట్రేలు లెక్కచూడడం, టార్పాలిన్ బిగించడం, కాగితాలు తెచ్చుకోవడం అన్నీ అతని పనులే. తీరా ఇంటికి చేరాక చేతికందిన డబ్బులో ఆ గంటల ఊసే ఉండదు. ఎందుకంటే అతనికి కట్టేది ట్రిప్పు లెక్క, గంటల లెక్క కాదు.

విజయవాడ ఆటోనగర్ షెడ్లలోనూ, 16, 65 నంబరు జాతీయ రహదారుల మీద తిరిగే లారీల్లోనూ మన బస్తీల బిడ్డలు ఎందరో బతుకు వెతుక్కుంటున్నారు. చదువు మధ్యలో ఆగిన కుర్రవాడు క్లీనరుగా బండెక్కి డ్రైవరు కావడం మన ఇళ్లలో కొత్త సంగతి కాదు. క్రమబద్ధమైన నెలజీతపు కొలువుల్లో ముస్లింల వాటా తక్కువని సచార్ కమిటీ 2006లోనే తేల్చి చెప్పింది. రిజర్వేషన్ల గురించి, ఉపకార వేతనాల గురించి గొంతెత్తే మనం ఈ డ్రైవరు జీతం గురించి ఎంత మాట్లాడాం?

చెల్లింపు పద్ధతులు పలురకాలు. కొందరికి కొద్దిపాటి నెలజీతం, దానిపై రోజు బత్తా. కొందరికి కిలోమీటరు లెక్క. మరికొందరికి ట్రిప్పు మొత్తం గుత్తగా అప్పగిస్తారు. డీజిలు, దారి ఖర్చులు పోగా మిగిలిందే డ్రైవరుది. బత్తా తిండి ఖర్చే తప్ప కష్టానికి ఫలితం కాదు. గుత్త పద్ధతిలోనైతే నిద్రపోయిన ప్రతి గంటా నష్టంగానే తోస్తుంది. కునుకుపాట్లకు, దాని వెంట వచ్చే ప్రమాదాలకు బీజం ఇక్కడే పడుతోంది.

చట్టం మరోలా చెబుతోంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనిని నిర్ణయించింది. దూరప్రాంతపు రూట్లలో అనుమతితో 10 గంటలు, 54 గంటల వరకు పనిచేయించవచ్చని చెప్పింది. అయితే 8 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం చెల్లించాలని కూడా అదే చట్టం శాసించింది. ఉదాహరణకు రోజు వేతనం 800 రూపాయలనుకుందాం. గంటకు 100 అవుతుంది. 10 గంటలు పనిచేస్తే అదనపు రెండు గంటలకు 200 చొప్పున 400 రూపాయలు కలిపి 1,200 రావాలి. మరి ఈ రెట్టింపు ఎందరి చేతికి అందుతోంది?

చట్టంలో సందులున్నాయి. అయిదుగురికి తక్కువ మంది పనిచేసే సంస్థలు ఆ చట్టం పరిధిలోకి వచ్చేవి కావు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. లోడింగు చూసుకోవడం వంటి అనుబంధ పనిని పనివేళగా గుర్తించినా, టెర్మినల్ దగ్గర ఊరికే కాచుకున్న సమయంలో పావుగంటలోపు నిరీక్షణనే లెక్కలోకి తీసుకున్నారు. హాల్టింగులో గడిచిన పూటలు ఇలాగే గాలికి పోతున్నాయి.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. అదే రోజు అమలులోకి వచ్చిన వేతనాల కోడ్‌కు సిబ్బంది సంఖ్యతో నిమిత్తం లేదు. రెండు లారీల యజమానికైనా అది వర్తిస్తుంది. సాధారణ పనిదినాన్ని మించిన పనికి రెట్టింపు వేతనం, వేతన చీటీ ఇవ్వడం అందులోని బాధ్యతలు. బకాయి కోసం మూడేళ్ల వరకు దావా వేయవచ్చు. సొమ్ము చెల్లించామని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. కార్మికుని తరఫున యూనియన్ కూడా దావా వేయవచ్చు.

అయితే ఎన్ని గంటలు పనిచేశాడో చూపడానికి ఆధారం కావాలి. అందుకే ప్రతి డ్రైవరూ ఒక చిన్న పుస్తకం వెంట ఉంచుకోవాలి. బయలుదేరిన వేళ, చేరిన వేళ, లోడింగు దగ్గర ఏ పని ఎంతసేపు చేశాడన్నది రాసుకోవాలి. టోల్ రసీదులు, లోడింగు కాగితాల ఫోటోలు దాచుకోవాలి. ఇంట్లో చదువుకున్న కొడుకో కూతురో నెలకొకసారి ఆ లెక్క తేల్చితే చాలు. మన యువజన సంఘాలు బస్తీకొక వేతన సహాయ కేంద్రం తెరిచి, కార్మిక శాఖ కార్యాలయం దాకా వారి వెంట నడవాలి.

చివరిగా ఒక మాట మనలోని యజమానులకు. లారీ కొన్నవారు కూడా మన బస్తీల్లో ఉన్నారు. ఫైనాన్స్ కిస్తీలు, డీజిలు ధరలు, గిట్టని కిరాయిలు వారినీ కుంగదీస్తున్నాయి. ఆ మాట నిజమే. కానీ ఆ భారమంతా డ్రైవరు నిద్రలోంచి వసూలు చేయడం న్యాయం కాదు. సరుకు పార్టీ నుంచి హాల్టింగు చార్జీ రాబట్టుకున్నప్పుడు, బండి దగ్గర కాపలా కాసినవాడికి అందులో వాటా ఇవ్వడం ధర్మం. కూలి చెల్లింపులో జాప్యం తగదన్న ప్రవక్త (స) బోధను మసీదులో విని తలలూపే మనం, బండి లెక్కల పుస్తకం తెరిచినప్పుడు దాన్ని మరచిపోతే ఎలా? ప్రభుత్వాన్ని న్యాయం అడిగే సమాజం తన గడపలో ఆ న్యాయాన్ని ముందుగా పాటించాలి.