రేకుల దానం

పాత ఇల్లు బాగుచేయించాలనుకోగానే మన జూబిలీహిల్స్ వాళ్ళకి మొట్టమొదట గుర్తొచ్చేది వాస్తు సిద్ధాంతి. ఈశాన్యం పెరిగిందా తరిగిందా, వంటిల్లు ఆగ్నేయంలోనే ఉందా అని అంగుళాలతో సహా కొలిపిస్తారు. ఎవరి నమ్మకం వాళ్ళది, తప్పని నేననను. కానీ పగలగొట్టబోయే కప్పులో ఏముందో, గోకబోయే తలుపు రంగులో ఏముందో కనుక్కున్న పుణ్యాత్ములు ఎంతమంది?

ఫిలింనగర్‌లో గానీ, జూబిలీహిల్స్‌లో గానీ 40 ఏళ్ళ నాటి ఇంటికి ముందువైపు ఎంత హంగున్నా, ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి. కారు షెడ్డూ, వాచ్‌మన్ గదీ, బట్టలుతికే చోటూ, చాలా ఇళ్ళలో వీటి మీద ఉండేవి సిమెంటు రేకులే. హైదరాబాదుకి రేకులు కొత్తా? 1946లోనే ఇక్కడ వాటి కంపెనీ వెలిసింది. చార్మినార్ ముద్ర వేసి ఊరూరా అమ్మారు. సిమెంటు రేకని పిలుచుకుంటాం గానీ, ఆ సిమెంటుకి బలమిచ్చేది ఆస్బెస్టాస్ నార. చెక్కుచెదరకుండా పైన పడి ఉన్నంతకాలం దాని మానాన అది ఉంటుంది. రంపం పెట్టినా, సమ్మెట వేసినా కంటికానని పోగులు గాల్లోకి లేస్తాయి. పీల్చినవాడి ఊపిరితిత్తుల్లో దిగబడి, 20, 30, 40 ఏళ్ళ తర్వాత కాన్సరై బయటపడతాయి.

"మా తాతగారు రేకుల కిందే 90 ఏళ్ళు బతికారండీ!" అంటారు కొందరు. బతికారు నాయనా! ఆయన రేకు కింద పడుకున్నారు, రేకుని కోయలేదు.

సినిమావాళ్ళ పేట కనక సినిమా మాటే చెబుతాను. హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్వీన్‌కి డబ్బుకి కొదవా, డాక్టర్లకి కొదవా? ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథెలియోమా కాన్సరు బారినపడి 1980లో, 50 ఏళ్ళకే పోయాడు. ఆడవాళ్ళకి ఇంకో మాట. 1965లో లండన్‌లో న్యూహౌస్, థామ్సన్ అనే ఇద్దరు మహిళలు ఈ జబ్బుతో పోయిన 76 మంది వివరాలు తీశారు. అందులో 9 మంది ఆస్బెస్టాస్ పని చేసినవాళ్ళు కారు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు చేశారు. ఎక్కువగా భార్యలే. మొగుడి పని బట్టలు దులిపి ఉతకడమే వాళ్ళు చేసిన నేరం!

ఇక తలుపులు, కిటికీలు, గ్రిల్సుల మీది పాత ఆయిల్ పెయింటు సంగతి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు నిగనిగలాడిన పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో ఎంతుందో ఎవరికెరుక? పొడిగా గరుకు కాగితం పట్టి రుద్దితే అదంతా దుమ్మే. నేల మీద పాకే పిల్ల ఆ చేతినే నోట్లో పెట్టుకుంటుంది. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే ఫరవాలేదనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటోంది.

ఇంతకీ ఈ దుమ్ము తినేది ఎవరు? ఇంటివాళ్ళు మాత్రం కాదు. వాళ్ళు పని పూర్తయ్యేదాకా ఏ అక్కగారింటికో మకాం మారుస్తారు. తినేది మూతికి తుండుగుడ్డ చుట్టుకున్న అడ్డా కూలీ. తట్ట మోసే అతని భార్య. చెట్టుకి కట్టిన చీర ఉయ్యాల్లో వాళ్ళ పసిపిల్ల. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డు కనీసం 40 ఏళ్ళు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. అడ్డా మీద నిలబడ్డవాడికి రికార్డేది? సాయంత్రం కూలి చేతిలో పెడితే మర్నాటికి వాడెవడో, మనమెవరమో!

అన్నిటినీ మించింది మన దాతృత్వం. "పాపం, గుడిసె మీదికి పనికొస్తాయి, తీసుకుపో" అని పగిలిన రేకులు పనిమనిషికి ఇచ్చేస్తాం. చెత్త మోయించే ఖర్చు తప్పింది, పుణ్యం పురుషార్థం రెండూ దక్కాయి!

చేయాల్సిందేమీ బ్రహ్మవిద్య కాదు. రేకు బాగుంటే దాని జోలికి పోకండి. తీయక తప్పదంటే నీళ్ళతో తడిపించి, కొక్కేలు విప్పించి నిండు రేకుగా దింపించండి. కోయనివ్వద్దు, పైనుంచి విసరనివ్వద్దు. మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టించి, దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే కేంద్రానికి చేర్పించే బాధ్యత కాంట్రాక్టరు చేత ముందే కాగితం మీద రాయించుకోండి. చీపురు పట్టనివ్వక తడిగుడ్డతో తుడిపించండి. ఆస్బెస్టాస్ ధూళిని ఆపగల మాస్కులు కూలీలకి మీరే కొనిపెట్టండి. పని బట్టలు వాళ్ళిళ్ళకి వెళ్ళకుండా చూడండి. పాత రంగుని తడిపి గోకించండి, మంటపెట్టి కాల్చనివ్వద్దు. పిల్లల్ని, మీ పిల్లలనే కాదు, వాచ్‌మన్ పిల్లల్నీ కూలీల పిల్లల్నీ ఆ చుట్టుపక్కలకి రానివ్వద్దు.

ఖర్చవుతుందంటారా? అవుతుంది. ఈశాన్యం మూల సరిచేయించడానికి మారు మాట్లాడకుండా తీసిన డబ్బులోంచే ఇదీ తీయండి. పనిమనిషి గుడిసెకి కప్పు కావాలా? నాలుగు కొత్త ఇనపరేకులు కొనివ్వండి. దానమంటే అదీ.